చూపు లేని కుర్రాడు మా సెక్షన్‌లో చేరాడు, ఏం పని ఇవ్వాలో తెలీట్లేదు

ప్రశ్న:

మేడమ్, నేను విశాఖలో ఒక ప్రభుత్వ ఆఫీసులో సూపరింటెండెంట్‌ని. రెండు నెలల కిందట బ్యాక్‌లాగ్ పోస్టుల్లో సెలెక్టయి ఒక అబ్బాయి జూనియర్ అసిస్టెంట్‌గా మా సెక్షన్‌లో చేరాడు. పాతికేళ్ళుంటాయి, డిగ్రీ చదివాడు, చూపు బొత్తిగా లేదు. మా ఆఫీసర్ గారు "పాపం, అతన్ని ఇబ్బంది పెట్టకండి, ఒక కుర్చీ వేసి కూర్చోబెట్టండి" అన్నారు, నేనూ అలాగే చేశాను. అతని సీటు పని మిగతా ఐదుగురికి పంచాను, ఇప్పుడు వాళ్ళు జీతం అతనికి చాకిరీ మాకా అని గొణుగుతున్నారు. రోజూ వాళ్ళ నాన్న గాజువాక నుంచి బస్సులో తీసుకొచ్చి సాయంత్రం దాకా వరండాలోనే కూర్చుంటాడు. మొన్న లంచ్ తర్వాత ఆ అబ్బాయి తడుముకుంటూ నా టేబుల్ దగ్గరకొచ్చి "సార్, ఏదైనా పని ఇవ్వండి సార్" అన్నాడు. ఏం చెప్పాలో తెలీక చూద్దాంలే బాబూ అన్నాను. కాయితం చదవలేని మనిషితో ఫైలు ఎలా నడిపించాలి? ఇంకేదైనా ఆఫీసుకి మార్చమని రాస్తే తప్పా?

సమాధానం:

సూపరింటెండెంట్ గారూ, తమ్ముడూ అనే అంటాను, నేను రిటైరై రెండేళ్ళయింది కాబట్టి వయసులో మీరు నాకంటే చిన్నవారే అయ్యుంటారు. ముందు మీ ఆఖరి ప్రశ్నకి జవాబు చెప్పేస్తా. అవును, తప్పే. మార్చమని రాయకండి. ఇంకో ఆఫీసుకి వెళ్తే అక్కడి సూపరింటెండెంట్ కూడా ఇంకో కుర్చీ వేస్తాడు, అంతే కదా, ఆ కుర్రాడి సర్వీసంతా కుర్చీలు మారడమే అవుతుంది.

నా సంగతి ఒకటి చెప్పాలి మీకు, ఎందుకంటే మీ ఉత్తరం చదువుతుంటే ఆ "చూద్దాంలే" అన్న మాట దగ్గర ఆగిపోయాను. నాకు మూడో ఏట పోలియో వచ్చింది, ఎడమ కాలికి కాలిపర్, అంటే నడవడానికి ఆసరాగా తొడిగే పట్టీల చట్రం. 1998లో ఇదే ఊళ్ళో ఒక ఆఫీసులో చేరాను, ఏ ఆఫీసో ఇప్పుడు అనవసరం. మేడ మీద సెక్షన్, బీరువా పక్కన కుర్చీ వేశారు, "నీకెందుకమ్మా కష్టం, కూర్చో" అన్నారు, అన్నవాళ్ళందరూ మంచివాళ్ళే, టీ వస్తే ముందు నాకే ఇచ్చేవాళ్ళు. నాలుగు నెలలు నేను చేసిన పని ఏంటంటే టాగులు కట్టడం. ఫైల్లో కాయితాలు గుచ్చే తెల్లటి టాగులు ఉంటాయి చూడండి, రెండు చివర్లా రేకు ముక్కలతో, వాటిని పాతికేసి చొప్పున కట్టలు కట్టి అందరి టేబుళ్ళకీ సర్దడం. కట్టలు అయిపోతే మళ్ళీ విప్పి కట్టేదాన్ని, ఎందుకంటే చేతులు ఖాళీగా ఉంటే ఎవరైనా చూస్తారేమోనని సిగ్గు. ఇంటికెళ్తే అమ్మ ఈరోజు ఆఫీసులో ఏం చేశావే అని అడిగేది, అబద్ధం చెప్పేదాన్ని. తర్వాత బదిలీ మీద ఒక కొత్త సూపరింటెండెంట్ గారు వచ్చి, మూడేళ్ళుగా ఎవరూ ముట్టుకోని ఆడిట్ పేరాల (ఆడిట్‌లో వచ్చిన అభ్యంతరాల) ఫైలు నా ముందు పెట్టి శుక్రవారానికి జవాబు రాయమన్నారు. రాశాను. చదివి, ఎర్ర ఇంకుతో పేజీ అంతా గీతలు కొట్టి, నీకు రూల్ తెలీదు, చదివి మళ్ళీ రాయి అని టేబుల్ మీద పడేశారు. ఆ రోజు సాయంత్రం మొదటిసారి ఇంటికెళ్ళి అమ్మకి నిజం చెప్పాను, ఈరోజు నన్ను తిట్టారమ్మా అని.

అందుకే చెప్తున్నా, ఆ అబ్బాయి మిమ్మల్ని అడిగింది జాలి గురించి కాదు, ఫైలు గురించి. రెండు నెలలు ఊరికే కూర్చోబెట్టి జీతం ఇవ్వడం అతనికి చేసిన మేలని మీ ఆఫీసర్ గారు మనస్ఫూర్తిగానే అనుకుంటూ ఉండొచ్చు, కానీ ఒక విషయం ఆయనకి మీరే గుర్తు చెయ్యాలి. ఈ అబ్బాయి ప్రొబేషన్‌లో ఉన్నాడు. రేపు ప్రొబేషన్ డిక్లేర్ చెయ్యాల్సి వచ్చినప్పుడు పని తృప్తికరంగా ఉందని ఏం చూసి రాస్తారు? ఏ ఫైలూ ముట్టుకోనివాడు డిపార్ట్‌మెంటల్ టెస్టులు ఏం రాస్తాడు, ఎలా పాసవుతాడు? సీనియర్ అసిస్టెంట్ ప్రమోషన్ వచ్చేసరికి అతనికేం పని వచ్చు అని అడిగేది కూడా మనమే. వైకల్యం ఉందన్న కారణంతో ప్రమోషన్ ఆపకూడదని 2016 వికలాంగుల హక్కుల చట్టం చెప్తోంది, ప్రమోషన్లలో కూడా వీళ్ళకి రిజర్వేషన్ హక్కు ఉందని 2021లో కేరళ ఉద్యోగిని లీసమ్మ జోసెఫ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ పనే నేర్పకపోతే ఏ కోర్టు తీర్పు అతని వేళ్ళలోకి పని తెచ్చి పెడుతుంది చెప్పండి.

మీ సెక్షన్ వాళ్ళ గొణుగుడు గురించి. వాళ్ళ మీద కోపం వద్దు, తప్పు పని పంచిన చోట జరిగింది, అతని సీటు పని అతనికిస్తే ఆ మాటకి చోటే ఉండదు. ఆ పోస్టు ఎవరి వాటా లాక్కుని ఇచ్చింది కాదని మాత్రం వాళ్ళకి తెలియాలి. వికలాంగులకి ఉద్యోగాల్లో రిజర్వేషన్ 1995 చట్టంలో 3 శాతం ఉండేది, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లోకి వచ్చిన ఆ 2016 చట్టంలో 4 శాతం అయింది, అందులో చూపు లేనివాళ్ళకీ తక్కువ చూపు ఉన్నవాళ్ళకీ కలిపి 1 శాతం, అదీ కనీసం 40 శాతం వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ ఉంటేనే. ఆ ఏడాది తగిన మనిషి దొరక్కపోతే ఖాళీని కొట్టెయ్యకుండా ముందుకి తీసుకెళ్ళాలి, బ్యాక్‌లాగ్ అనేది అలా పుట్టిందే. చాలా ఏళ్ళు ఆఫీసులు ఏం చేశాయంటే ఈ పోస్టు వీళ్ళకి పనికిరాదు ఆ పోస్టు పనికిరాదు అని పక్కన పెట్టేసి, మిగిలిన కాసిన్ని పోస్టుల మీద శాతం లెక్క కట్టేవి, అలా కుదరదు మొత్తం ఖాళీల మీద లెక్క కట్టాలని 2013 అక్టోబర్‌లో నేషనల్ ఫెడరేషన్ ఆఫ్ ది బ్లైండ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. అంటే మీ సెక్షన్‌లో కూర్చున్న కుర్రాడి వెనక, రావాల్సిన టైముకి రాని ఉద్యోగం కోసం ఎదురుచూసి వయసు దాటిపోయిన వాళ్ళు చాలామంది ఉన్నారన్నమాట.

ఇంకో మాట, ఇది మీ వాళ్ళకి నెమ్మదిగా చెప్పండి. సెక్షన్‌లో షుగర్ ఉన్నవాళ్ళు ఎంతమంది? బీపీ? బైక్ మీద ఎన్‌ఏడీ జంక్షన్ రద్దీ దాటి వచ్చేవాళ్ళు? సర్వీసులో ఉండగా మనలో ఎవరికైనా కన్ను పోయినా కాలు పోయినా తీసెయ్యడానికి, కింది పోస్టుకి దించడానికి వీల్లేదని, అదే జీతం మీద ఇంకో పనిలో పెట్టాలని, ఆ పోస్టు కూడా లేకపోతే ప్రత్యేకంగా ఒకటి సృష్టించాలని రాసి ఉంది అదే 2016 చట్టం సెక్షన్ 20లో. కాలు పోయిన ఒక కానిస్టేబుల్ కేసులో 2003లోనే పాత చట్టం కింద సుప్రీంకోర్టు ఇది చెప్పింది. 2025 ఆగస్టులో రంగులు సరిగ్గా గుర్తుపట్టలేడని ఇంటికి పంపేసిన ఒక ఆర్టీసీ డ్రైవర్‌ని కూడా వేరే పనిలోకి తిరిగి తీసుకోమంది. ఈ కుర్రాడికున్న చట్టమే రేపు మనకీ కావాలి.

సరే, ఇప్పుడు అసలు విషయం, కాయితం చదవలేనివాడితో ఫైలు ఎలా అన్నారు కదా. ఇక్కడ కాస్త ఓపిగ్గా చదవండి.

మీరు అతన్ని ఇప్పటిదాకా అడగని ప్రశ్న ఒకటుంది, నువ్వు డిగ్రీ ఎలా చదివావు బాబూ అని. అడిగి చూడండి. నూటికి తొంభై పాళ్ళు స్క్రీన్ రీడర్ అని చెప్తాడు. కంప్యూటర్ తెర మీద ఉన్నది పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ అది. ఎన్‌వీడీఏ అని ఒకటుంది, 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అనే చూపు లేని కుర్రాడు మొదలుపెట్టాడు, పూర్తిగా ఉచితం, ఇండెంట్ పెట్టక్కర్లేదు, శాంక్షన్ అడగక్కర్లేదు, తెలుగు కూడా చదువుతుంది. ఒక జత ఇయర్‌ఫోన్స్ చాలు. మౌస్‌తో పనిలేదు, అన్నీ కీబోర్డ్ మీదే. మీరు మొదటిసారి వింటే అది చదివే స్పీడుకి ఒక్క ముక్క అర్థం కాదు, వాళ్ళు మాత్రం మనం కళ్ళతో గీతలు దాటేసినట్టు చెవితో దాటేస్తారు. వర్డ్‌లో డ్రాఫ్ట్ రాయడం, ఎక్సెల్‌లో లెక్కలు, మెయిల్, ఇవన్నీ దాని మీద నడుస్తాయి. బ్యాంకుల్లో చూపు లేని క్లర్కులు, ఆఫీసర్లు ఏళ్ళుగా ఇలాగే పనిచేస్తున్నారు. మన కోనసీమ మలికిపురం నుంచి వెళ్ళిన కట్టా సింహాచలం గారు పుట్టుకతోనే చూపు లేనివారు, ఐఏఎస్ అయి మన రాష్ట్రంలోనే చేరారు, మరి ఆయన ముందుకి ఫైళ్ళు రావా?

అయితే స్క్రీన్ రీడర్ పెట్టగానే అయిపోదు, అసలు తిప్పలు మన ఆఫీసుల అలవాట్లతోనే. రెండు అలవాట్లు మార్చాలి.

ఒకటి ఫాంట్. మన టైపిస్టులు ఇప్పటికీ చాలామంది అను ఫాంట్స్‌లో కొడతారు. ఆ ఉత్తర్వు మన కంటికి తెలుగులాగే కనిపిస్తుంది, కానీ కంప్యూటర్ లోపల అవి తెలుగు అక్షరాలు కావు, ఏవో ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ, వాటికి తెలుగు బొమ్మ తొడిగారంతే. స్క్రీన్ రీడర్ ఆ లోపలున్నదే చదువుతుంది, కాబట్టి ఆ కుర్రాడికి వినపడేది అర్థం పర్థం లేని చప్పుడు. అదే ఉత్తర్వు యూనికోడ్‌లో, అంటే లోపల కూడా నిజం తెలుగు అక్షరాలే ఉండే పద్ధతిలో కొడితే చక్కగా "విషయము", "సూచిక" అని చదువుతుంది. నేను ఒకసారి పక్క సెక్షన్‌లో ఒక చూపు లేని అమ్మాయి ఇయర్‌ఫోన్ తీసుకుని చెవిలో పెట్టుకుని రెండు రకాలూ విన్నాను, ఒకే మెమో, ఒకదాంట్లో నా పేరు నాకు వినపడింది, రెండోదాంట్లో కీ, డాలర్, బ్రాకెట్, కామా. అప్పటిదాకా ఆ అమ్మాయికి పని రాదని మేము అనుకున్న రోజులు తల్చుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. మీ టైపిస్టుకి చెప్పండి, ఇక మీదట మీ సెక్షన్‌లో అన్నీ యూనికోడ్‌లోనే అని. ఆ అబ్బాయి తను కొట్టాలంటే యూనికోడ్ తెలుగు కొట్టే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డ్ నేర్చుకుంటాడు, బహుశా ఇప్పటికే వచ్చి ఉంటుంది.

రెండోది స్కానింగ్. తపాల్, అంటే ఆఫీసుకొచ్చే ఉత్తరాలు, స్కాన్ చేసి పెట్టే పీడీఎఫ్ అనేది ఒక ఫొటో, దాంట్లో అక్షరాలు ఉండవు, స్క్రీన్ రీడర్ ఖాళీ పేజీ అంటుంది. ఇక సర్క్యులర్‌ని ఫోన్‌తో ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పడేస్తాం చూడండి, అదీ అంతే. పై ఆఫీసు నుంచి అసలు కాపీ మెయిల్‌లో వస్తే అదే అతనికి ఫార్వర్డ్ చెయ్యండి. కాయితం మాత్రమే ఉంటే ఓసీఆర్ చెయ్యొచ్చు, అంటే ఫొటోలోంచి అక్షరాలు లాగడం, ఫోన్‌లో గూగుల్ లెన్స్ కూడా తెలుగు అచ్చు బాగానే లాగుతుంది. చేతిరాత అర్జీలు మాత్రం మనిషే చదివి వినిపించాలి. దానికి రోజుకో అరగంట, పొద్దున్నే తపాల్ విప్పేటప్పుడు అటెండరో ఇంకో అసిస్టెంటో చదువుతారు, అతను విని టైప్ చేసుకుంటాడు. ఈ అరగంటనే చట్టం సహేతుకమైన సౌకర్యం అంటుంది, అది ఇవ్వడం ఆఫీసు బాధ్యత, మీరు అతనికి చేసే ఉపకారం లెక్కలోకి రాదు.

ఇక ఏ పని అంటే, ఈ-ఆఫీస్‌లో, అంటే కంప్యూటర్ మీదే ఫైళ్ళు నడిపే చోట, నోట్ పెట్టడం నుంచి మొదలెట్టండి. ఏదైనా బటన్ స్క్రీన్ రీడర్ చదవకపోతే పక్కవాళ్ళు ఒకసారి ఎక్కడుందో చెప్తే గుర్తుపెట్టుకుంటాడు. సమాచార హక్కు దరఖాస్తులు అతనికివ్వండి, 30 రోజుల గడువు ఉంటుంది కాబట్టి ఎవరైనా ఒకరు లెక్క పట్టుకుని అందరి వెంటా పడాలి, ఆ పని ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేసేవాళ్ళు మన ఆఫీసుల్లో తక్కువ. సోమవారం జనం ఫిర్యాదులు తీసుకునే గ్రీవెన్స్‌లో వచ్చిన అర్జీలకి ఫోన్ చేసి, అమ్మా మీ అర్జీ ఇక్కడిదాకా వచ్చింది, ఈ కాయితం తక్కువైంది అని చెప్పే మనిషి మీ సెక్షన్‌లో ఉన్నాడా? ఆ పని కూడా ఇవ్వొచ్చు, అయితే ఒక్క ఫోన్ పనే ఇచ్చి ఊరుకోకండి, చూపు లేనివాడంటే టెలిఫోన్ ఆపరేటర్ అని ఒకప్పుడు గిరి గీసేశారు, మళ్ళీ అందులోకి నెట్టొద్దు. ఎవరి పని ఎంతో రాసుకునే పర్సనల్ రిజిస్టర్‌లో తన పేరు మీద సీటు, తన కరెంట్ నంబర్లు (కాయితాలకి వేసే వరుస నంబర్లు), తన పెండింగ్ ఉండాలి. కేంద్రం 2021 జనవరిలో ఏ పోస్టు ఎవరు చెయ్యగలరో చూసి 3,566 పోస్టుల జాబితా నోటిఫై చేసింది, క్లరికల్ పనులు చూపు లేనివాళ్ళకి సరిపోతాయన్నది ఇవాళ కొత్తగా వాదించాల్సిన సంగతి కాదు.

తప్పులు చేస్తాడు. మొదట్లో మార్జిన్లు వంకరగా ఉంటాయి, పేరా మధ్యలో ఫాంట్ సైజు మారిపోతుంది, అది అతనికి కనపడదు కాబట్టి ఫెయిర్ కాపీ ఎవరైనా ఒకసారి కంటితో చూడాలి. కానీ రూల్ తప్పు రాస్తే, లెక్క తప్పితే, ఆలస్యం చేస్తే అందరికీ చెప్పినట్టే చెప్పండి. పాపం అని మీరే దిద్దేసి సంతకం పెట్టారనుకోండి, అతనికి ఎప్పటికీ పని రాదు.

మెట్ల గురించి మీరు అడగలేదు కానీ మీ ఆఫీసర్ గారు అతన్ని కిందకి, ఉత్తరాలు తీసుకునే ఇన్‌వర్డ్ సెక్షన్‌కి మార్చేద్దాం, మెట్లు ఎక్కలేడు అనే అవకాశం ఉంది. మెట్లు ఎక్కడం కష్టమైంది నాకు, అతనికి కాదు. చూపు లేని మనిషికి మెట్లంత నమ్మకమైనవి ఇంకోటి లేవు, ఎన్ని ఉన్నాయో లెక్క ఉంటుంది, పక్కన రెయిలింగ్ ఉంటుంది. అతనికి ప్రమాదం ఎక్కడంటే పోర్టికోలో అడ్డదిడ్డంగా పెట్టే బైకులు, కారిడార్‌లో నిన్న లేని బీరువా, సగం తెరిచిన కిటికీ రెక్క, బస్ స్టాప్ నుంచి గేటు దాకా మూత లేని కాలవ. వికలాంగులంటే అందరికీ ర్యాంపు అనుకుంటాం మనం, ఒక్కొక్కళ్ళ అవసరం ఒక్కోలా ఉంటుంది, అతన్నే అడగండి. ఒక పూట మీరే అతన్ని తిప్పండి, గేటు నుంచి సీటుకి, సీటు నుంచి బాత్రూమ్‌కి, మంచినీళ్ళకి, మీ టేబుల్‌కి. చెయ్యి పట్టి లాక్కెళ్ళకండి, మీ మోచెయ్యి అతన్ని పట్టుకోనివ్వండి, అర అడుగు ముందు మీరు నడవండి. దగ్గరకి వెళ్ళినప్పుడు పేరు చెప్పండి, లేచి వెళ్ళిపోయేటప్పుడు వెళ్తున్నానని చెప్పండి, లేకపోతే ఖాళీ కుర్చీతో మాట్లాడుతూ ఉంటాడు, అది చూసి ఎవరో ఒకరు నవ్వుతారు. ఆ నవ్వు చాలా లోతుగా దిగుతుంది, తమ్ముడూ. నలుగురిలో కావాలని అవమానించడం 2016 చట్టం సెక్షన్ 92 కింద నేరం, ఆరు నెలల నుంచి ఐదేళ్ళ దాకా శిక్ష ఉంది, ఎవరైనా గుడ్డోడు అనే మాట వాడితే మొదటి రోజే ఆపండి.

ఫోన్‌లో మొహం చూపించి హాజరు వేసే ఫేస్ అటెండెన్స్ ఉంటే ఆ యాప్‌తో మొదటి వారం ఎవరైనా సాయం ఉండాలి, ఫ్రేమ్‌లో మొహం పడిందో లేదో అతనికి తెలీదు కదా. యాప్ ఒప్పుకోకపోతే రిజిస్టర్‌లో సంతకానికి ఆఫీసర్ గారితో రాయించండి. కళ్ళు ఆర్పమని అడిగే ఈ-కేవైసీలు (ఆన్‌లైన్‌లో మనిషిని గుర్తించే పరీక్షలు) చూపు లేనివాళ్ళకి ఎంత అన్యాయమో 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు చెప్పింది, వేరే దారి ఉండాలంది, కాబట్టి మీ నోట్‌కి ఆధారం కూడా దొరికినట్టే. చట్టం ప్రకారం ప్రతి ప్రభుత్వ ఆఫీసు ఈ విషయాల కోసం ఒక గ్రీవెన్స్ ఆఫీసర్‌ని పెట్టుకోవాలి, మీ డిపార్ట్‌మెంట్‌లో అది ఎవరో కనుక్కుని ఆ పేరు అబ్బాయికి చెప్పండి. చెప్తే మన మీదే ఫిర్యాదు పెడతాడేమో అనుకోకండి, అది అతనికి తెలియాల్సిన విషయం.

వాళ్ళ నాన్న గురించి నాకు మనసు మెలిపెట్టినట్టయింది. మా నాన్న కూడా మొదటి నెల గేటు బయట టీ బడ్డీ దగ్గర కూర్చునేవాడు, నేను లోపల టాగులు కడుతున్నానని ఆయనకి తెలీదు. ఆయన్ని వెళ్ళిపొమ్మని చెప్పకండి. అబ్బాయికి సీటు ఇచ్చాక, దారి అలవాటయ్యాక, ముందు అబ్బాయితో మాట్లాడండి, తెల్ల కర్రతో ఒక్కడూ రావడం అతనికి ఇష్టమేనా, బస్ స్టాప్ నుంచి గేటు దాకా ఎవరైనా తోడు ఉంటే చాలా అని. అదే దారిలో వచ్చేవాళ్ళు మీ ఆఫీసులోనే ఒకరిద్దరు ఉండకపోరు. తర్వాత ఆ తండ్రిని వరండాలోంచి లోపలికి పిలిచి, కొడుకు తయారు చేసిన మొదటి నోట్ స్క్రీన్ మీద చూపించండి.

ఆ నోట్‌లో మీరు ఎర్రగీతలు కొట్టి ఉన్నా పర్లేదు, అవి కూడా చూపించండి.